ఫైలు ఇవ్వం పొమ్మన్నారు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: సార్, నేను గోదావరి జిల్లాల్లో ఒక మండల కేంద్రంలో విలేకరిని. ఆరేళ్లుగా రాస్తున్నాను. మా పక్క ఊరి మాజీ సర్పంచ్ ఒక కాంట్రాక్టర్ మీద కోర్టులో పరువునష్టం కేసు వేశారు. పంచాయతీ చెరువు చేపల వేలం డబ్బు సర్పంచ్ తినేశాడని ఆ కాంట్రాక్టర్ ప్రెస్‌మీట్ పెట్టి అన్నాడు, అదీ గొడవ. విచారణ ఇంకా మొదలవలేదు, వచ్చే నెల వాయిదా ఉంది. డెస్క్ వాళ్లు "కాగితాలు చూసి రాయి" అంటున్నారు. కోర్టుకెళ్లి ఫైలు అడిగితే "నువ్వు పార్టీవి కాదు, లాయర్‌వి కాదు, ఇవ్వం పో" అన్నారు. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టమని ఒక మిత్రుడి సలహా. సర్పంచ్ తరఫు లాయర్‌గారైతే ఫిర్యాదు మొత్తం వాట్సాప్‌లో పంపిస్తానంటున్నారు. అమెరికాలో ఫాక్స్ న్యూస్ కేసులో విచారణకు ముందే యాంకర్ల మెసేజ్‌లు కూడా పేపర్లకు దొరికాయి కదా, మనకెందుకు దొరకవు? అన్నట్టు, ఆ ప్రెస్‌మీట్‌కు నేనూ వెళ్లాను, వార్త కూడా రాశాను. (పేరు వద్దు)

జవాబు: ఉత్తరం మడవబోతూ గుర్తొచ్చినట్టు ఆఖర్న ఒక మాట రాశారు చూడండి, "ప్రెస్‌మీట్‌కు నేనూ వెళ్లాను" అని. మొత్తం ఉత్తరంలో బరువైన వాక్యం అదే. ఫైలు ఎక్కడికీ పోదు, ముందు ఇది తేల్చుకుందాం.

పరువునష్టం కేసు వేసినాయన ముఖ్యంగా రెండు సంగతులు చూపించాలి. ఫలానా మనిషి ఫలానా మాట అన్నాడని, ఆ మాట నలుగురికీ చేరిందని. ఈ రెండింటికీ మాజీ సర్పంచ్‌గారి చేతిలో ఉండే ఆధారం ఏమిటి? మర్నాటి పేపర్ కటింగ్. అది మీ కటింగే కావచ్చు. కాకపోతే ఒట్టి కటింగ్ తెచ్చి పెడితే కోర్టులో చాలదు. 1988లో లక్ష్మీరాజ్ శెట్టి కేసులో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చేసింది. పేపర్లో వచ్చిన వార్త చెప్పుడు మాట కిందికే వస్తుంది, రాసిన మనిషి బోనెక్కి చెబితే తప్ప అందులో ఉన్నది రుజువైనట్టు కాదు అంది. అంటే ఆ కేసులో, ఆ రోజు అక్కడ కూర్చున్న విలేకరుల్లో ఎవరో ఒకరిని సాక్షిగా పిలిచే అవకాశం ఎక్కువ. సమన్లు బయటికి వెళ్లేలోపు సాక్షుల జాబితా దాఖలు చేయాలని చట్టంలో ఉంది. ఆ జాబితాలో మీ పేరు ఉందేమో మీకు తెలుసా?

ఇంకోటి కూడా ఉంది. మాట అన్నవాడితో పాటు, దాన్ని అచ్చేసిన పత్రిక ఎడిటర్‌నీ, పబ్లిషర్‌నీ, రాసిన విలేకరినీ రెండో నిందితుడు, మూడో నిందితుడు అని చేర్చేయడం మన దగ్గర మామూలే. కాబట్టి మీరు కోర్టు గుమ్మం ఎక్కేముందు ఫోన్లో కోర్టు కేసుల వివరాలు చూపించే ఈ-కోర్ట్స్ యాప్ తెరిచి పార్టీల పేర్లు చూడండి. జిల్లా, కోర్టు, సంవత్సరం, పార్టీ పేరు కొడితే కేసు బయటపడుతుంది. సీఎన్ఆర్ అని 16 అంకెలూ అక్షరాలూ కలిసిన నంబరు ఒకటి వస్తుంది, అది రాసిపెట్టుకోండి. ఆ తర్వాత ప్రతి పనికీ అదే ఆధారం.

నిందితుల్లో మీ పేరుంటే టెన్షన్ పడకండి, ఒక రకంగా మీ ఫైలు సమస్య అక్కడితో తీరిపోయింది. ఫిర్యాదు మీద నడిచే కేసులో సమన్లతో పాటు ఫిర్యాదు కాపీ జతచేసి పంపాలి, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్‌లో అది 227వ సెక్షన్. అప్పుడు మీరు అడుక్కోనక్కర్లేదు, వాళ్లే తెచ్చిస్తారు. అయితే ఇక మీకు కావాల్సింది నాలాంటి వాడి సలహా కాదు, ఒక మంచి వకీలు. సాక్షి జాబితాలో ఉంటే మాత్రం డెస్క్‌కు ఇవాళే చెప్పి, ఈ కేసు వార్తలు ఇంకొకరికి అప్పగించమనండి. రేపు క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి లాయర్ అడిగే మొదటి ప్రశ్న "ఈ కేసు మీద ఇప్పటిదాకా ఎన్ని వార్తలు రాశారు?" అనే ఉంటుంది. దానికి "ఏడు" అని జవాబు చెప్పాల్సి వస్తే మీ సాక్ష్యానికీ విలువ ఉండదు, మీ వార్తలకీ ఉండదు.

మీరు రెండూ కాదనుకుందాం. కేవలం బయటి మనిషి. కోర్టు భాషలో థర్డ్ పార్టీ.

మిమ్మల్ని తిప్పి పంపిన కోర్టు ఉద్యోగి మాట సగం ఒప్పు, సగం తప్పు. కోర్టు హాలు అందరిదీ. క్రిమినల్ కోర్టు తలుపులు తెరిచి ఉండాలని, జనం వచ్చి కూర్చోవచ్చని బీఎన్ఎస్ఎస్ 366వ సెక్షన్ చెబుతుంది, పాత సీఆర్‌పీసీలో అది 327. కానీ హాలు అందరిదైనంత మాత్రాన బీరువా అందరిదీ కాదు. ఫైలు కోర్టు అధీనంలో ఉంటుంది. పార్టీలు అడిగితే ఇవ్వాలి. బయటివాళ్లు అడిగితే జడ్జి అనుమతితో ఇవ్వొచ్చు. "కౌంటర్ దగ్గర అడిగితే ఇవ్వం" అని ఉంటే ఆయన మాట నూటికి నూరుపాళ్లు ఒప్పు. "పార్టీవి కాదు కాబట్టి ఎప్పటికీ ఇవ్వం" అనడమే తప్పు.

ఆ తేడా ఎక్కడ రాసుంది అంటే, బీఎన్ఎస్ఎస్ 404లో ఉంది. తీర్పు వల్లో ఆర్డర్ వల్లో ప్రభావితమైన మనిషి డబ్బు కట్టి కాపీ తీసుకోవచ్చు. ప్రభావితం కానివాళ్లకు ఏ షరతుల మీద ఇవ్వాలో హైకోర్టులు రూల్స్ రాసుకోవచ్చు. మన రెండు రాష్ట్రాల్లో కింది కోర్టులు నడిచేది అలాంటి రూల్స్ మీదే, క్రిమినల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్, సివిల్ రూల్స్ ఆఫ్ ప్రాక్టీస్ అంటారు. సుప్రీంకోర్టు తన దగ్గరి ఫైళ్లకు పెట్టుకున్న 2013 రూల్స్‌లో కూడా ఇదే వరస. పార్టీ కానివాడు సరైన కారణం చూపిస్తే ఫైలు వెతుక్కోవడానికి, చూడడానికి, కాపీలు తీసుకోవడానికి అనుమతించవచ్చు అని ఉంటుంది. ఢిల్లీ, పంజాబ్ కోర్టుల రూల్స్‌లో ఇంకాస్త వివరం ఉంది. సివిల్ దావాలో డిక్రీ, అంటే తీర్పు ప్రకారం తుది ఉత్తర్వు, వచ్చాక బయటివాడు దావా కాగితాల కాపీ హక్కుగా తీసుకోవచ్చు. డిక్రీకి ముందైతే తగిన కారణం చూపించి జడ్జిని ఒప్పించాలి. ఒక పార్టీ దాఖలు చేసి గుర్తు వేయించుకున్న ఎగ్జిబిట్ల, అంటే సాక్ష్యంగా పెట్టిన పత్రాల, కాపీ కావాలంటే, వాటిని తెచ్చిన పార్టీ ఒప్పుకోవాలి. చూశారుగా, విచారణకు ముందు మీ బలం తక్కువ. అసలు లేకపోలేదు, తక్కువ, అంతే.

సమాచార హక్కు దరఖాస్తు సలహా ఇచ్చిన మిత్రుడికి కాఫీ ఇప్పించి పంపేయండి. ఆ దారి 2020 మార్చి 4న మూసుకుపోయింది. గుజరాత్ హైకోర్టుకూ ముఖ్య సమాచార కమిషనర్‌కూ మధ్య నడిచిన కేసులో జస్టిస్ భానుమతి, జస్టిస్ బోపన్న, జస్టిస్ హృషికేశ్ రాయ్ ఆ రోజు తీర్పిచ్చారు. కోర్టు తన దగ్గరి కేసు కాగితాలు ఇవ్వడానికి తన రూల్స్ పెట్టుకున్నప్పుడు ఆ రూల్స్ ప్రకారమే అడగాలి, ఆర్టీఐ కింద కాదు అన్నారు. గుజరాత్ రూల్ ఏమిటంటే, బయటివాడు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ వేయాలి. "ఎందుకు" అని అడగడమే సమాచార హక్కు స్ఫూర్తికి విరుద్ధం కదా అని నాకూ అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ చట్టం అదీ. దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఎదురుచూసి "మా రూల్స్ ప్రకారం అడగండి" అనే ఉత్తరం అందుకునేకన్నా, ఆ రూల్స్ ప్రకారం ఇవాళే అడగడం మేలు.

ఎలా అడగాలి? పిటిషన్, దానికి తోడు ఒక అఫిడవిట్. స్టాంపులు పెద్ద ఖర్చేమీ కాదు. లాయర్‌తో వేయిస్తే సులువు, మీరే వేసినా తప్పులేదు. అఫిడవిట్‌లో ఏం రాస్తున్నారన్న దాని మీదే అంతా ఉంటుంది. "నేను జర్నలిస్టును, ప్రజలకు తెలుసుకునే హక్కు ఉంది, కావున ఫైలు మొత్తం ఇప్పించవలెను" అని రాసిన పిటిషన్లు నేను చాలా చూశాను. వాటి మీద జడ్జిగారు ఒకే ఒక్క ముక్క రాస్తారు: కొట్టివేయడమైనది. ఫైలు మొత్తం అడిగినవాడికి ఏం కావాలో వాడికే తెలియదని జడ్జికి అర్థమైపోతుంది.

నేనైతే ఇలా రాస్తాను:

"నేను ఫలానా దినపత్రికలో విలేకరిగా పనిచేస్తున్నాను. ఈ కేసులో పార్టీని గాని, సాక్షిని గాని కాను. కేసు పంచాయతీ చెరువు వేలం సొమ్ముకు సంబంధించినది, అది ప్రజల సొమ్ము. ఇరుపక్షాలూ బహిరంగంగా పరస్పర విరుద్ధమైన ప్రకటనలు చేసినందున, ఫిర్యాదులో వాస్తవంగా ఏమి ఆరోపించారో సరిచూసుకొని రాయుటకు ఫిర్యాదు కాపీ, ఇప్పటివరకు వచ్చిన డాకెట్ ఆర్డర్ల కాపీలు మాత్రమే కోరుచున్నాను. జతచేసిన బ్యాంకు కాగితాలు, వ్యక్తిగత పత్రాలు కోరుట లేదు. ఇరుపక్షాల వాదన తప్పక ప్రచురించగలను."

డాకెట్ ఆర్డర్ అంటే ప్రతి వాయిదాకు జడ్జి ఫైలు మీద రాసే ఆర్డర్. ఇందులో రెండు పనులు జరిగాయి, గమనించారా? ఏది కావాలో చెప్పడంతో పాటు ఏది వద్దో చెప్పాం. జడ్జికి భయం ఉండేది ఆ రెండో దాని గురించే. పరువునష్టం కేసులో ఫిర్యాదుదారు తన మంచి పేరు చూపించుకోవడానికి ఆస్తుల కాగితాలు, ఆదాయపు పన్ను రిటర్నులు, కూతురి పెళ్లి సంబంధం తప్పిపోయిందని ఎవరో రాసిన ఉత్తరం, ఇలాంటివి కూడా జతచేస్తారు. అవి మీ వార్తకు అక్కర్లేదు. అడగకండి.

అనుమతి వస్తే కాపీయింగ్ సెక్షన్ చుట్టూ తిరగాలి. సర్టిఫైడ్ కాపీ ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా? మీద ఒక రబ్బరు స్టాంపు ఉంటుంది, అందులో ఐదారు గీతలు. దరఖాస్తు చేసిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, దాఖలు చేసిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ. ఆ గీతల్లో రెండోదే అందరినీ ముంచేది. "స్టాంపులు అడిగిన" సంగతి ఎవరూ ఫోన్ చేసి చెప్పరు. నోటీసు బోర్డు మీద జాబితా అంటిస్తారు, దాన్ని మీరే వెళ్లి చూసుకోవాలి. గడువులోగా స్టాంపులు పెట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. వారానికి మూడుసార్లు ఆ బోర్డు ముందు నిలబడే ఓపిక ఉంటేనే దిగండి.

జడ్జి కాదంటే? కాదన్న ఆర్డర్ కాపీ అడగండి, అది మీ పిటిషన్ మీద ఆర్డర్ కాబట్టి ఇచ్చి తీరాలి. దాని మీద హైకోర్టుకు వెళ్లవచ్చు. చేపల చెరువు వార్త కోసం హైకోర్టు దాకా వెళ్లాలా వద్దా అన్నది మీ యాజమాన్యం తేల్చుకోవాలి.

ఇక దశ సంగతి. మాటలు అన్నది 2024 జూలై 1 తర్వాత అయితే కేసు, నేరాలూ శిక్షలూ చెప్పే కొత్త చట్టం బీఎన్ఎస్‌లోని 356 కింద నడుస్తుంది, శిక్ష రెండేళ్ల దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ. అంతకుముందు అన్నవైతే పాత ఐపీసీ 499, 500. కొత్త బీఎన్ఎస్ఎస్‌లో ఒక ముఖ్యమైన మార్పు వచ్చింది. ప్రైవేటు ఫిర్యాదును కోర్టు కాగ్నిజెన్స్‌లోకి, అంటే కేసుగా పరిగణనలోకి, తీసుకునే ముందు అవతలి మనిషికి నోటీసిచ్చి వినాలి, 223వ సెక్షన్. అంటే ఫిర్యాదుదారు వాంగ్మూలం పూర్తయ్యాక కూడా, అవతలివాళ్లు వచ్చి "ఇది అసలు కేసే కాదు" అని వాదించుకునే అవకాశం ఉంది. మీ చెరువు కేసు ఈ దశలో ఉంటే, ఇంకా కేసుగా పుట్టిందో లేదో చెప్పలేం. "నిందితుడు" అని రాయడానికి కూడా వీల్లేదు. ఈ దశలో కాపీ పిటిషన్ వేస్తే జడ్జిగారు "కాగ్నిజెన్స్ అయ్యాక రండి" అనే అవకాశమే ఎక్కువ, అందులో న్యాయం కూడా ఉంది.

కానీ ఈ దశలో మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 2024 అక్టోబరులో నటుడు నాగార్జున మంత్రి కొండా సురేఖ మీద వేసిన కేసు గుర్తుందా? ఆయన నాంపల్లి కోర్టుకు వచ్చి వాంగ్మూలం ఇచ్చారు, అది అన్ని పత్రికల్లో వచ్చింది. హాల్లో ఇచ్చిన వాంగ్మూలం రాయడానికి కాపీ పిటిషన్ అక్కర్లేదు, అక్కడ ఉండి వినాలి, రాసుకోవాలి. చట్టం కూడా ఆ రాతకే రక్షణ ఇచ్చింది. పరువునష్టం సెక్షన్‌లో నాలుగో మినహాయింపు చదవండి: కోర్టులో జరిగినదాన్ని సారాంశంలో నిజంగా రాస్తే అది పరువునష్టం కాదు. దాని కింద వివరణలో, విచారణకు ముందు బహిరంగంగా దర్యాప్తు జరిపే మేజిస్ట్రేట్ కూడా కోర్టే అని ఉంది. అంటే విచారణ మొదలవకముందు హాల్లో జరిగినదానికి కూడా ఈ గొడుగు పడుతుంది. బీరువాలో ఉన్న కాగితానికి పడుతుందా అంటే, అక్కడే చిక్కు.

వాట్సాప్ పీడీఎఫ్ సంగతి ఇప్పుడు చెబుతాను, నా తలబొప్పితో సహా.

నేను కోర్టు బీట్ చూసే రోజుల్లో ఒక జిల్లా కేంద్రంలో సివిల్ పరువునష్టం దావా ఒకటి పడబోతోంది. దావా నంబరు కూడా పడలేదు. ఫిర్యాదుదారు లాయర్ గుమాస్తా నాకు ఒక జిరాక్స్ ఇచ్చాడు, టీ కూడా ఇప్పించాడు. నేను పొంగిపోయి మూడు కాలమ్‌ల వార్త కొట్టాను. మర్నాడు అవతలాయన నోటీసు పంపాడు. దావాలో ఉన్న ఆరోపణను నేను ఊరంతా చాటానని. "దావాలో ఉందండీ" అన్నాను. "దావా ఇంకా కోర్టు ముందుకే రాలేదు, నువ్వు రాసింది కోర్టు కార్యకలాపం కాదు, ఒక లాయర్ ఆఫీసు కాగితం" అన్నాడు ఆయన వకీలు. అసలు దెబ్బ మాత్రం ఇంకో వారానికి తెలిసింది. దావా దాఖలైనప్పుడు అందులో ఆ పేరా లేదు. లాయర్‌గారు చివర్లో తీసేశారు. నా చేతిలో ఉన్నది డ్రాఫ్టు. వివరణ ప్రచురించి బయటపడ్డాం, ఎడిటర్‌గారు నాతో నెల రోజులు సరిగా మాట్లాడలేదు.

అందుకే ఆ పీడీఎఫ్ వస్తే ముందు చూడాల్సింది లోపలి మాటలు కాదు. కోర్టు ముద్ర ఉందా, దాఖలు తేదీ ఉందా, నంబరు పడిందా? ఈ మూడూ లేని కాగితం డ్రాఫ్టే అనుకోండి. ఉన్నా కూడా దాన్ని దారి తెలుసుకోవడానికి వాడుకోండి, వార్తకు మాత్రం కోర్టులో జరిగినదాన్నే నమ్ముకోండి. మీరు అడక్కుండానే లాయర్‌గారు ఇంత ధారాళంగా ఇస్తున్నారంటే, విచారణకు ముందే తమ వాదన పేపర్లో రావాలని ఆయనకు ఉంది. అది ఆయన వృత్తి. మీ వృత్తి వేరు.

ఇంకో చిన్న సంగతి ఉంది, దీని గురించి ఎవరూ మాట్లాడరు. మన జిల్లా కోర్టుల్లో ఫిర్యాదులు ఎక్కువగా ఇంగ్లీషులో ఉంటాయి. కాంట్రాక్టర్ తెలుగులో "తినేశాడు" అన్నాడు. లాయర్‌గారు ఇంగ్లీషులో "మిస్‌అప్రోప్రియేటెడ్" అని రాస్తారు. ఆ పీడీఎఫ్ చూసి మీరు తెలుగులో "స్వాహా చేశారు" అని రాస్తారు, డెస్క్‌లో సబ్‌ఎడిటర్ శీర్షిక కోసం "దోచుకున్నారు" అని మారుస్తాడు. మూడు చేతులు మారేసరికి ఎవరూ అనని మాట అచ్చులో కూర్చుంది. పైగా ఈసారి దాన్ని అన్నది మీ పత్రిక. అసలు మాట తెలుగులో ఎక్కడుందో వెతకండి, వీడియో సీడీలోనో, కటింగ్‌లోనో, తెలుగు అనుబంధంలోనో ఉంటుంది. మీరు ప్రెస్‌మీట్‌కు వెళ్లారు కాబట్టి మీ నోట్‌బుక్‌లోనూ ఉంటుంది. ఆ నోట్‌బుక్ దాచండి, పారేయకండి.

ఫాక్స్ న్యూస్ విషయం. మీరు చెప్పింది నిజమే, కాని అందులో సగమే పేపర్లలో పెద్దగా వచ్చింది. డొమినియన్ అనే ఓటింగ్ యంత్రాల కంపెనీ 2021 మార్చిలో డెలావేర్ రాష్ట్ర కోర్టులో ఫాక్స్ మీద 160 కోట్ల డాలర్లకు దావా వేసింది. 2020 ఎన్నికల్లో తమ యంత్రాలతో మోసం జరిగిందని ఫాక్స్ ప్రసారం చేసిందన్నది ఆరోపణ. 2023 ఫిబ్రవరిలో ఒక్కసారిగా కాగితాలు బయటికొచ్చాయి. టక్కర్ కార్ల్‌సన్, షాన్ హానిటీ, లారా ఇన్‌గ్రమ్ లాంటి యాంకర్లు తెర మీద చూపించిన కథను తెర వెనక తామే నమ్మలేదని వాళ్ల మెసేజ్‌లే చెప్పాయి. యజమాని రూపర్ట్ మర్డోక్ వాంగ్మూలం కూడా బయటికొచ్చింది. అసలు విచారణ ఏప్రిల్‌లో. జ్యూరీని ఎంపిక చేసి, ఇక వాదనలు మొదలవుతాయనగా ఏప్రిల్ 18న 78 కోట్ల 75 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. విచారణ జరగనే లేదు. ప్రజలకు తెలిసిందంతా విచారణకు ముందు ఫైలు నుంచి తెలిసిందే.

మరి మనకెందుకు రాదు? మొదటి కారణం, అక్కడ విచారణకు ముందే రెండు పక్షాలూ ఒకరి ఈమెయిళ్లు ఒకరు, ఫోన్ మెసేజ్‌లు ఒకరు లాక్కుని చూసుకునే దశ ఒకటి ఉంది. తర్వాత విచారణ లేకుండానే తీర్పివ్వమని పిటిషన్ వేసినప్పుడు వాటిని జతచేస్తారు. మన మేజిస్ట్రేట్ కోర్టులో ఫిర్యాదు దశ ఫైలులో అలాంటి నిధి ఏమీ ఉండదు. ఫిర్యాదు, వాంగ్మూలం, కటింగులు, వకాలత్, డాకెట్. మీరు ఊహిస్తున్నంత రహస్యం అందులో లేదు.

రెండో కారణం మీకు ఇంకా ముఖ్యం. అక్కడ కూడా ఆ కాగితాలు ఊరికే రాలేదు. దాఖలైన కాగితాల్లో పేజీలకు పేజీలు నల్లటి గీతలతో కప్పేసి ఉండేవి. న్యూయార్క్ టైమ్స్, అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ, ఎన్‌పీఆర్ రేడియో కలిసి జడ్జి ఎరిక్ డేవిస్ ముందుకు వెళ్లి ఆ మూతలు తీయమని అడిగాయి. అంటే వాళ్లూ చేసింది పిటిషనే. మీకు చేయమంటున్నదీ అదే, కాస్త చిన్న కోర్టులో.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. అమెరికా కథ అందరికీ తెలుసు, మన కథ మనకు తెలియదు. 1960లో బొంబాయిలో బ్లిట్జ్ పత్రిక మీద, దాని ఎడిటర్ కరంజియా మీద, ఠాకర్సీ అనే మిల్లు యజమాని మూడు లక్షల రూపాయలకు పరువునష్టం దావా వేశారు. ఆ రోజుల్లో మూడు లక్షలు. 1964లో విచారణలో భాయ్‌చంద్ గోడా అనే సాక్షి బోనెక్కి, నా సాక్ష్యం పేపర్లలో వస్తే నా వ్యాపారం దెబ్బతింటుందని చెప్పుకున్నాడు. జస్టిస్ తార్కుండే హాలు తలుపులు మూయలేదు, విలేకరులను బయటికి పంపలేదు, కానీ ఆయన సాక్ష్యం ప్రచురించవద్దని నోటితో ఆదేశించారు. బ్లిట్జ్ విలేకరి నరేష్ శ్రీధర్ మిరజ్‌కర్, ఇంకొందరు సుప్రీంకోర్టుకెళ్లారు. తొమ్మిది మంది జడ్జీలు కూర్చున్నారు. 1966 మార్చి 3న ఎనిమిది మంది ఆ ఆదేశం సరైనదే అన్నారు, జస్టిస్ హిదయతుల్లా ఒక్కరే కాదన్నారు. ఆ ఎనిమిది మందిది పొరపాటని నా అభిప్రాయం. సాక్షి వ్యాపారం కోసం సాక్ష్యం దాచడమేమిటి? అయినా ఆ తీర్పు ఇవాళ్టికీ బతికే ఉంది. 2012లో సహారా కేసులో సుప్రీంకోర్టు దాన్ని ఆసరాగా తీసుకునే, అవసరమైతే కొంతకాలం వార్తలు ఆపమని కోర్టులు చెప్పవచ్చంది. అందుకే వాయిదా రోజు హాల్లోకి అడుగుపెట్టగానే బెంచ్ క్లర్క్‌ను మెల్లగా ఒక మాట అడగండి, ఈ కేసులో ప్రచురణ మీద ఆంక్ష ఏమైనా ఉందా అని. కాగితం మీద లేకపోయినా నోటితో చెప్పి ఉండవచ్చు.

మీ వైపున నిలబడే తీర్పు కూడా ఒకటుంది, అఫిడవిట్‌లో పేరు రాయండి. 1994లో ఆర్. రాజగోపాల్ కేసు, అందరూ ఆటో శంకర్ కేసు అంటారు. తీర్పు రాసింది మన హైదరాబాద్ హైకోర్టులో జడ్జిగా పనిచేసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. కోర్టు రికార్డులతో సహా బహిరంగ రికార్డుల ఆధారంగా రాసినదానికి ఆ మనిషి గోప్యత అడ్డురాదు, లైంగిక నేరాల బాధితుల వంటి కొన్ని విషయాలు తప్ప, అన్నారాయన.

వచ్చే నెల వాయిదా రోజు పదిన్నరకల్లా హాల్లో ఉండండి. కాల్ వర్క్, అంటే కేసులు వరసగా పిలవడం, గబగబా నడుస్తుంది, మీ కేసు పిలిచి రెండు నిమిషాల్లో "ఫలానా తేదీకి" అనేస్తారు. ఆ రెండు నిమిషాల కోసమే వెళ్లాలి. ఎవరు హాజరయ్యారు, ఎవరు కాలేదు, జడ్జిగారు ఏమన్నారు, తర్వాతి తేదీ ఏమిటి, అంతే రాసుకోండి. సాయంత్రం కాంట్రాక్టర్‌నీ, సర్పంచ్‌నీ ఇద్దరినీ ఫోన్‌లో పలకరించండి. ఒకరు ఎత్తకపోతే "ఎత్తలేదు" అని రాయండి. డాకెట్ ఆర్డర్ ఈ-కోర్ట్స్‌లో ఎక్కుతుందేమో రెండు మూడు రోజులు చూడండి, కింది కోర్టుల్లో ఒక్కోసారి ఎక్కదు. డెస్క్ వాళ్లు ఆ నాలుగు పేరాలు చూసి "ఇదేనా?" అంటారు. ఇదే అనండి. చెరువు వేలం లెక్కలు కావాలంటే మాత్రం కోర్టు దాకా ఎందుకు? పంచాయతీ కార్యాలయంలో వేలం రిజిస్టర్, తీర్మానాల పుస్తకం ఉంటాయి. మీ మిత్రుడు చెప్పిన సమాచార హక్కు దరఖాస్తు పెట్టాల్సింది అక్కడ. వేలం పాట ఎంతకు పోయింది, ఖజానాలో ఎంత జమైంది, అన్న రెండు అంకెలు దొరికితే, ఆ కోర్టు ఫైలు మొత్తం కన్నా పెద్ద వార్త మీ చేతిలో ఉన్నట్టే.

లాయర్‌గారికి ఈ రాత్రికే ఒక మెసేజ్ పెట్టండి. "సార్, పీడీఎఫ్ వద్దులెండి. కేసు నంబరు, ఏ కోర్టో, వాయిదా తేదీ పంపండి చాలు. మీ వైపు సాక్షుల జాబితాలో నా పేరుంటే కూడా చెప్పండి." ఆయన ఆ ఆఖరి ప్రశ్నకు ఎంతసేపటికి జవాబిస్తారో చూసి, నాకు మళ్లీ రాయండి.